పెరట్లో ఉడుత, బడిలో పెంగ్విన్

నగరం: కోనసీమలో మూడేళ్ళు నిండిన పిల్లవాడికి ఊహ తెలుస్తూనే పరిచయమయ్యే ప్రాణులు ఏవి? పాకలో గేదె, దాని వీపుమీద కాకి, పెరట్లో ఉడుత, గోడమీద తొండ, కొబ్బరిమట్ట మీద వాలిన రామచిలుక, చెరువుగట్టున కొంగ, వానపడితే అరుగు కిందికి చేరే కప్ప. వీటిని పేరుపెట్టి పిలవడం, వాటిలాగే అరవడం, వాటి వెంట పరుగెత్తడం ఆ వయసు పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అదే పిల్లవాడు బడిలో చేరాక చేతిపని పేరిట ఇంటికి తెచ్చే బొమ్మలు మాత్రం జిరాఫీ, పెంగ్విన్, కంగారూ! పెంగ్విన్ మీద ఎవరికీ కోపం లేదు. మంచుగడ్డల మీద నడిచే ఆ పక్షిని గురించి కూడా పిల్లలు తెలుసుకోవలసిందే. కాని పెరట్లో ఉడుత తోక ఎప్పుడు నిక్కబొడుస్తుందో చూడకుండానే పెంగ్విన్ పొట్టకు తెల్లకాగితం అంటించడం ఏపాటి ప్రకృతి పాఠమో పెద్దలు ఆలోచించాలి.

ఇంతకూ ఆ కాగితం అంటించేది ఎవరు? ఈ సంగతి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. రేపు పొద్దుటికల్లా ఒక జంతువు బొమ్మ చేసి పంపమని బడినుంచి సాయంత్రం కబురు వస్తుంది. తండ్రి బండి వేసుకుని దుకాణానికి పరుగెడతాడు. రంగు అట్టలు, తళుకుపొడి, జిగురు సీసా, ప్లాస్టిక్ కళ్ళు, థర్మోకోల్ పలక. రాత్రి పదిగంటల వరకు తల్లి కత్తిరిస్తుంది, తండ్రి అంటిస్తాడు. అసలు చేయవలసిన బిడ్డ ఎప్పుడో నిద్రపోయి ఉంటాడు. మర్నాడు బొమ్మ బడి గోడకెక్కుతుంది, ఫొటో సెల్‌ఫోన్లలో తిరుగుతుంది, నాలుగు రోజులు పోయాక చెత్తబుట్టకో, పంటబోదెకో చేరుతుంది. మార్కులు తల్లిదండ్రులకు వేసినా న్యాయంగానే ఉండేది!

అందులోనూ అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా ప్రకృతిని ప్రేమించమని చెప్పే బొమ్మకు అదే పలక తెమ్మని అడిగేవారు ఇంకా ఉన్నారు. నీళ్ళలో కుళ్ళని ఆ ముక్కలు బోదెల్లో తేలుతూ చివరికి గోదావరి పాయల్లోకే పోతాయి.

ఆకుతో అల్లిన జంతుశాల

మామిడికుదురు మండలంలోని నగరం పేరు బయటివారికి 2014 జూన్ 27 నాటి గ్యాస్ పైపులైను పేలుడువల్ల తెలిసింది. అంతకు ముందు 1995 జనవరిలో పక్కనున్న పాశర్లపూడి బావి మంట రెండు నెలలకు పైగా మండింది. ఇక్కడి నేల అడుగున గ్యాసు ఉందని ఢిల్లీకి కూడా తెలుసు. ఆ నేల పైన ఉన్న కొబ్బరాకుతో ఇక్కడివారు ఏం చేయగలరో చాలాచోట్ల ఇక్కడి పిల్లలకే తెలియకుండా పోతోంది.

పాతతరం వారికి కొబ్బరాకు ఒక్కటి చేతికందితే ఒక జంతుశాల తయారయ్యేది. మట్టనుంచి ఒక రెమ్మ లాగి, మధ్య ఈనె తీసేస్తే రెండు పాయలు వస్తాయి. ఒక పాయను సన్నగా మొదలుపెట్టి చుట్టుకుంటూ పోయి, వెడల్పయిన కొద్దీ మరో పాయ కలిపి, చివర ఈనెముక్క గుచ్చితే బూర. రెండు పాయలను ఒకదానిలో ఒకటి మెలివేసి, నడుమ ఈనె గుచ్చి గాలికి ఎదురుగా పట్టుకుని పరుగెత్తితే గిరగిర తిరిగే గాలిమర. చేతికి గడియారం, కంటికి జోడు, ఆడుకోవడానికి నాలుగు పలకల బంతి. జంతువుల విషయానికి వస్తే చిలుక, చేప, మిడత, పాము. వీటిలో చిలుక కష్టం. నాలుగు పాయలు కలిపి పొట్ట అల్లి, ముక్కు మడిచి, తోక చీల్చి వదలాలి. పెళ్ళిపందిళ్ళకు కొబ్బరాకు చిలకలు కట్టేవారి వేళ్ళు ఎంత వేగంగా ఆడతాయో చూసినవారికే తెలుస్తుంది. మట్టల ఆదివారం నాడు చర్చిలో ఆకు సిలువలు మడిచే చేతులది కూడా ఇదే కుటుంబం. ఒకే ఆకు, ఒకే మడత. గుడికైనా, చర్చికైనా, పెళ్ళికైనా, పిల్లల ఆటకైనా.

పాము మాత్రం చాలా సులువు. ఈనె తీసిన రెండు పాయలు తీసుకుని, వాటి కొనలు ఒకదానిమీద ఒకటి మూలమట్టంగా పెట్టాలి. కిందున్న పాయను పైదాని మీదికి మడవాలి. ఇప్పుడు కిందికి పోయినదాన్ని మళ్ళీ పైకి మడవాలి. అలా మార్చి మార్చి చివరిదాకా మడుచుకుంటూ పోవడమే. కొసన చిన్న ఈనెముక్కతో బిగిస్తే, పట్టుకుని లాగితే సాగి వదిలితే ముడుచుకునే పాము తయారు. అదే మడత పొట్టిగా ఆపేస్తే గొంగళిపురుగు. అయిదేళ్ళ పిల్లలు రెండుమూడు సార్లు తప్పుచేసి నాలుగోసారికి పట్టేస్తారు. మూడేళ్ళవాళ్ళు చేయలేరు. చేయలేకపోయినా పక్కన కూర్చుని సాగదీసి విరగ్గొట్టడం మాత్రం చాలా శ్రద్ధగా చేస్తారు!

కొబ్బరితోనే ఆగనక్కర్లేదు. ముంజికాయల డొల్లలు రెండింటికి పుల్ల గుచ్చి, పొడుగాటి కర్ర కట్టి వీధంతా తోలిన బండిని మరచిన పెద్దవారు గోదావరి జిల్లాల్లో ఉండరు. పండు చీకేసిన తాటిటెంకకు పీచు జుట్టులా వేలాడుతూ ఉంటుంది. దాన్ని కడిగి ఎండబెట్టి, బొగ్గుతో రెండు కళ్ళు గీస్తే గడ్డం తాతయ్య అవుతాడు, ఇంకాస్త పీచు దువ్వితే సింహమవుతుంది. కొబ్బరిచిప్ప బోర్లిస్తే తాబేలు, కొబ్బరిపీచు చుట్టచుడితే పిట్టగూడు. అంబాజీపేటలో పొట్టిక్కల కోసం పనసాకులను పుల్లలతో కుట్టి బుట్ట చేసే పద్ధతి కోనసీమంతా ఎరుగుదురు. అదే పనసాకులు వరుసగా కుట్టి పిల్లవాడి తలకు చుడితే కిరీటం. ఇంత సామగ్రి పైసా ఖర్చులేకుండా పెరట్లో రాలి పడుతుంటే, ప్లాస్టిక్ కన్ను కోసం బజారుకు పోవడం కోనసీమ చేస్తున్న విచిత్రమైన పని.

పేరు తెలిస్తేనే చూపు

ఇది ఖర్చుకు సంబంధించిన వాదం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఖర్చు పెట్టగలిగినవారు పెట్టుకుంటారు. అసలు నష్టం వేరే ఉంది.

పిల్లవాడు మామ్మ పక్కన కూర్చుని ఆకు మడుస్తూ ఉంటే ఎన్ని మాటలు వింటాడో లెక్కవేయండి. మట్ట, రెమ్మ, ఈనె, పాయ, మొవ్వు, డొక్క, పీచు, చిప్ప. చీల్చడం వేరు, చించడం వేరు, ఒలవడం వేరు, మెలిపెట్టడం వేరు. ఈ తేడాలు పుస్తకంలో చదివితే బుర్రకెక్కవు. వేళ్ళకు తగిలితే మరచిపోరు. చిలుక ముక్కు ఎటు వంగుతుందో తెలియక “మామ్మా, ఇలాగా?” అని అడిగిన పిల్లవాడు మర్నాడు కొబ్బరిచెట్టు మీద వాలిన నిజం చిలుక ముక్కును గమనించి తీరతాడు. బొమ్మ చేయడానికి చూడాలి, చూసింది సరిచూసుకోవడానికి మళ్ళీ చేయాలి. ప్రకృతి పాఠం అంటే ఇంతకు మించి ఏమీ లేదు. ముద్రించిన జిరాఫీకి రంగువేసిన పిల్లవాడు దేనితో సరిచూసుకోగలడు?

పసిపిల్లల చదువు చేతులతోనే మొదలవుతుందని చెప్పినవారు కొత్తవారేమీ కాదు. గుజరాతులోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచి, పంతులుగారి బెత్తాన్ని పక్కన పెట్టించి కథలతో, ఆటలతో, చేతిపనితో పసివారికి చదువు చెప్పారు. ఇటలీ దేశపు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పేరు బోర్డుమీద రాసుకున్న బడులు ఈనాడు చిన్న చిన్న ఊళ్ళలో కూడా కనిపిస్తాయి. ఆమె చెప్పిన మాట మాత్రం బోర్డు దాటి లోపలికి వెళ్ళిన చోట్లు తక్కువ. పిల్లవాడు తానే చేయాలన్నది ఆమె మాట. తల్లి రాత్రి పదింటిదాకా కూర్చుని చేయాలన్నది కాదు.

మరొకరి పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివిన అరవింద్ గుప్తా, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు పల్లెబడుల్లో సైన్సు బోధించే ప్రయత్నంలో పాలుపంచుకుని, అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలు, ఎండుటాకులు వంటి పారేసే వస్తువులతో వందలాది ఆటవస్తువులు తయారుచేసి చూపారు. రకరకాల ఆకులను ఏరి, కాగితంమీద పేర్చి, జంతువుల బొమ్మలు చేయడం ఆయన పిల్లలకు నేర్పిన ఆటల్లో ఒకటి. రావి ఆకు ఏనుగు చెవి అవుతుంది, వేపరెమ్మ నెమలి తోక అవుతుంది. 2018లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. పెరటి ఆకుకు దక్కిన పద్మశ్రీ అది!

గిజిగాడి బడి

పసివారి చేతిపని గురించి మాట్లాడేవారు ఒకసారి తాటిచెట్టు వంక తలెత్తి చూస్తే మంచిది. గిజిగాడి గూళ్ళు అక్కడ సొరకాయల్లా వేలాడుతూ ఉంటాయి. పిచ్చుకంత పిట్ట, వరి ఆకునో కొబ్బరాకునో అంచున ముక్కుతో కొరికి, ఎగురుతూ నిలువునా పీలిక లాగుతుంది. ఆ పీలికలతోనే ముడివేస్తుంది, అల్లుతుంది, గాలివానకు ఊడిపోని గూడు కడుతుంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930 వానకాలంలో మహారాష్ట్ర తీరంలోని కిహిం గ్రామంలో నిచ్చెన మీద కూర్చుని ఈ పిట్టల సంసారం గమనించారు. మగపిట్ట గూడు సగందాకా అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి తనిఖీ చేస్తుంది. నచ్చితేనే కాపురం, ఆ తరువాతే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ గూడు అలా సగంలోనే ఉండిపోతుంది.

ఇంకో ముచ్చట అంతకన్నా ముఖ్యమైనది. కుర్ర గిజిగాళ్ళు మొదట అల్లే గూళ్ళు వంకరటింకరగా, వదులుగా ఉంటాయి. అల్లగా అల్లగా చేయి తిరుగుతుంది. పిట్టకు చేయేమిటంటారా, ముక్కు తిరుగుతుంది. ఆఫ్రికాకు చెందిన, ఇదే జాతికి దగ్గరి పిట్టల మీద అమెరికా శాస్త్రవేత్తలు కొలియాస్ దంపతులు 1960లలో ఒక పరీక్ష చేశారు. కొన్ని మగపిల్లలను పుట్టినప్పటినుంచి ఆకులు, పీలికలు అందకుండా పెంచారు. ఏడాది తరువాత ఆకు ఇచ్చి చూస్తే, అవి మొదట అల్లలేకపోయాయి. కొన్నాళ్ళకు కొంత నేర్చుకున్నా, చిన్ననాటినుంచి ఆకుతో ఆడుకున్న పిట్టలతో సమానం కాలేకపోయాయి. అల్లిక పుట్టుకతో వచ్చిన పిట్టకే చిన్నతనాన ఆకు అందకపోతే ఆ గతి పట్టింది. మూడేళ్ళకే చేతికి సెల్‌ఫోను ఇచ్చి, ఒక్క వేలితో అద్దం రుద్దడం తప్ప మరో పని నేర్పని ఇళ్ళలో పిల్లల మిగతా తొమ్మిది వేళ్ళ సంగతి ఏమిటి? అయిదేళ్ళు వచ్చినా చొక్కా గుండీ పెట్టుకోలేక, పలకబలపం సరిగా పట్టలేక పోతున్నారని బాధపడే తల్లులు ఉన్నారు. ఆకు చీల్చడం, మట్టి పిసకడం, పూలు గుచ్చడం మానేశాక వేలికి బలం ఎక్కడినుంచి వస్తుంది?

ఏ వయసుకు ఏ పని

పాతకాలం బొమ్మల మీద మోజుతో మాట్లాడేవారు ఒక పొరపాటు చేస్తూ ఉంటారు. కొబ్బరాకు చిలుక మూడేళ్ళ బిడ్డ అల్లగలడన్నట్టు చెబుతారు. అది జరిగే పని కాదు. ఎనిమిది తొమ్మిదేళ్ళు వస్తే గాని ఆ అల్లిక పట్టుబడదు. మూడేళ్ళవారికి ఆకు చీల్చడమే పెద్ద పని, మట్టి ఉండను అరచేతుల మధ్య పాములా పొడుగుచేయడం ఒక విజయం. నాలుగేళ్ళవారు రాలిన ఆకులు ఏరి, కాగితంమీద పేర్చి, చేప అనో సీతాకోకచిలుక అనో పేరు పెడతారు. అది చేపలా ఉందా లేదా అని పెద్దలు పంచాయితీ పెట్టకూడదు. అయిదేళ్ళు నిండాక మడతల పాము, గాలిమర. చిలుకను మామ్మ అల్లితే, దానికి పసుపు నీళ్ళతో ముక్కు, బచ్చలిపండు రసంతో మెడ పట్టీ దిద్దడం పిల్లల వంతు. ఎలాగూ ఆ రసం చిలుకకన్నా చొక్కాకే ఎక్కువ అంటుతుంది, తల్లులు ముందే పాతచొక్కా తొడిగి పంపడం మంచిది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ప్రకృతిలో దొరికిందల్లా మంచిదని అనుకోకూడదు. వినాయకచవితికి మట్టి విగ్రహానికి గురివింద గింజలు కళ్ళుగా పెట్టడం వాడుక. ఆ గింజ నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పసివాళ్ళు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి పిల్లల బొమ్మల దరిదాపుల్లోకి గురివింద గింజ రానివ్వరాదు. ఆముదం గింజలు, గన్నేరు ఆకులు కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. చింతపిక్కలు విషం కాకపోయినా ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటాయి కనుక మూడేళ్ళవారికి వద్దు. బొగ్గుతో చుక్క పెడితే కన్ను అయిపోతుంది. ఈనె మొన సూదిలాంటిది, దాన్ని తీయడం, గుచ్చడం పెద్దవారే చేయాలి. బోదెలోంచి తీసిన మట్టిలో ఏమేమి కలుస్తున్నాయో అందరికీ తెలుసు. కుమ్మరి చక్రం దగ్గరి మట్టి అడిగి తెచ్చుకోవడం మేలు. ఇక కొబ్బరాకుకే వచ్చిన కష్టం ఒకటుంది. 2016 చివరినుంచి గోదావరి జిల్లాల తోటల్లో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ వల్ల ఆకులమీద తేనెబంక కారి, దానిమీద మసిలా నల్లబూజు పడుతోంది. అలాంటి ఆకును, మందు కొట్టిన తోటలోని ఆకును పిల్లల చేతికి ఇవ్వకూడదు. శుభ్రమైన ఆకయినా కడిగే ఇవ్వాలి.

పాతరోజులన్నీ బంగారం కాదు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయడం, పిచ్చుకగూళ్ళు పీకడం, తొండను రాళ్ళతో కొట్టడం కూడా ఆ రోజుల ఆటలే. ప్రాణమున్న తూనీగను హింసించే బదులు రెండు ఈనెలు, నాలుగు ఆకుముక్కలతో తూనీగ చేయించగలిగితే, ఆకు తూనీగకు దారం కట్టి వీధంతా తిప్పుకున్నా ఎవరికీ బాధ ఉండదు.

కాగితంమీద ఉన్నది, కేంద్రానికి రానిది

ఇదంతా ప్రభుత్వానికి తెలియని విషయం కాదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడే పూర్వ ప్రాథమిక విద్య అందులో ఒక భాగం. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కేంద్రాలు 55 వేలకు పైగా ఉన్నాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళనుంచే ఆటపాటల చదువు అన్నది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలో ‘జాదూయీ పిటారా’ పేరిట మూడునుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం ఆటవస్తువుల పెట్టెను విడుదల చేశారు. అదే ఏడాది మే నెలలో ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ కార్యక్రమం వచ్చింది. స్థానికంగా దొరికే వస్తువులతో, ఖర్చులేని బొమ్మలతో, మాతృభాషలో బోధించాలన్నది దాని సారాంశం. చెప్పిన మాట మంచిదే. అయితే ‘స్థానికం’ అన్న మాట కూడా ఢిల్లీనుంచే రావలసి రావడం, వచ్చాక కూడా కోనసీమలో దానికి కొబ్బరాకు అని అర్థం చెప్పుకోలేకపోవడం ఆలోచించవలసిన విషయం. కొబ్బరితోటల మధ్య ఉన్న కేంద్రంలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు బొమ్మ గోడకు అంటించి ఉంటే ఎలా ఉంటుంది?

దీనికి అంగన్‌వాడీ టీచర్లను తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. గుడ్లు, పాలు, బియ్యం లెక్కలు వారివే. బరువులు తూచడం, ఎత్తులు కొలవడం, గర్భిణుల వివరాలు ఫోనులో ఎక్కించడం వారిదే. సర్వేలు వస్తే వారే తిరగాలి. వేతనం పెంచాలని కోరుతూ 2023 డిసెంబరు 12నుంచి 42 రోజులపాటు రాష్ట్రమంతటా వారు సమ్మె చేయవలసి వచ్చింది. వంట, లెక్క, ఫోను పోగా మిగిలిన గంటలో ఆకు అల్లడం కూడా మీరే నేర్పండి అనడం, మోస్తున్నవారి నెత్తిన మరో తట్ట పెట్టడమే.

అల్లిక తెలిసినవారు ఊళ్ళో వేరే ఉన్నారు. ఈనెల చీపుర్లు కట్టేవారు, తడికలు అల్లేవారు, పందిరి వేసేవారు, చాపలు నేసేవారు, కుమ్మరులు, దింపు కార్మికులు. వీరెవరికీ బడిలో పంతులుగా నిలబడే అవకాశం ఎన్నడూ రాలేదు. చాలామంది బడి గడప తొక్కనివారే. వారానికి ఒక్క పూట వారిలో ఒకరిని కేంద్రానికి పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, పిల్లల్ని చుట్టూ చేర్చితే సరిపోతుంది. ఉపన్యాసం అక్కర్లేదు, ఆయన చేతులు చూస్తే చాలు. పసిపిల్లలు చేతులు చూసి నేర్చుకుంటారు. పైగా ఇంట్లో చీపుర్లు కట్టే అమ్మమ్మ బడిలో టీచరమ్మ పక్కన కూర్చోవడం చూసిన మనుమరాలికి ఆ అమ్మమ్మ మీద కలిగే గౌరవం ఏ పాఠంతోనూ రాదు. అది కులాల పట్టింపులు ఇంకా సమసిపోని పల్లెల్లో మరీ అవసరం.

కాని ఒక్కమాట. వారిని ఊరికే రమ్మనడం భావ్యం కాదు. ఒక పూట పని పోగొట్టుకుని వచ్చేవారికి ఆ పూట కూలి ఇవ్వాలి. చేతిపనివారి విద్యను పొగిడి, సన్మానాలు చేసి, డబ్బు దగ్గరకు వచ్చేసరికి ‘సేవ’ అనడం గ్రామాల్లో పాతుకుపోయిన దురలవాటు. పంచాయతీ తీర్మానం చేసి కొద్ది మొత్తం కేటాయించవచ్చు. శిశు సంక్షేమ శాఖ అధికారులు తలచుకుంటే తమ నిధుల్లోనే దారి చూపవచ్చు. నెలకు నాలుగు పూటల కూలి ఏ ఊరికీ భారం కాదు. ఒక్క తీర్థంలో బాణసంచాకు తగలేసే దానిలో ఎన్నో వంతు!

ప్రైవేటు బడుల విషయం మరో రకం. అక్కడ టీచరుకు తెలియక కాదు, గోడమీద తళతళలాడే బొమ్మలు చూసి గాని తల్లిదండ్రులు పిల్లల్ని చేర్చడం లేదు. మూడు రోజులకు వాడిపోయి గోధుమరంగుకు మారే ఆకు చేప ఫొటోకు అందంగా ఉండదు. పక్కబడిలో పిల్లలు ఏనుగు తెచ్చారని ఈ బడి తల్లులు అడుగుతారు. కాబట్టి తప్పు అంతా బడి మీదకు నెట్టి తల్లిదండ్రులు తప్పుకోలేరు. వంకరగా ఉన్నా బిడ్డ చేసిన బొమ్మే కావాలని పదిమంది తల్లులు గట్టిగా అంటే, ఏ యాజమాన్యమైనా దారికి వస్తుంది. ఆకు వాడిపోవడం కూడా పిల్లలకు పాఠమే. పచ్చగా ఉన్నది ఎండుతుంది, ఎండినది మట్టిలో కలుస్తుంది, మళ్ళీ మరో ఆకు తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ పెంగ్విన్ ఈ సంగతి ఎన్నటికీ చెప్పదు.

బొమ్మల పేరు చెబితే ఏటికొప్పాక, కొండపల్లి తలచుకోకుండా ఉండలేము. అంకుడు కర్రమీద లక్క పూసి, ప్రకృతిసిద్ధమైన రంగులతో ఏటికొప్పాక బొమ్మలు చేస్తారు. తెల్లపొణికి కర్రతో కొండపల్లి వారు ఏనుగు అంబారీ చెక్కుతారు. కొనగలిగినవారు ఆ బొమ్మలు కొని పిల్లలకు ఇస్తే కళాకారులకూ మేలు. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేశారు కాబట్టి, బజారులో ప్లాస్టిక్ బొమ్మ కొనేవారు కనీసం ఆ గుర్తు ఉందో లేదో చూడాలి. అయితే కొన్న బొమ్మ ఎంత గొప్పదైనా అది మరొకరి చేతిపని. పిల్లవాడు చేసుకునే బొమ్మకు అది బదులు కాదు.

ఇక కావలసింది ఆకు. దీనికోసం చెట్టెక్కి మొవ్వాకు కోయడం మాత్రం ఎవరూ చేయకూడదు. లేత ఆకు మెత్తగా, లేతపసుపుగా ముద్దొస్తుంది నిజమే. అలంకరణలవారు దానికోసమే ఎగబడతారు. కాని మొవ్వు కోస్తే చెట్టు దెబ్బతింటుంది, రైతు ఊరుకోడు. నెలన్నరకో రెండు నెలలకో తోటలో దింపు తీసినప్పుడు ఎలాగూ కొన్ని పచ్చిమట్టలు కింద పడతాయి. దింపు ఎప్పుడో టీచరు తోట రైతును ముందుగా అడిగి తెలుసుకుంటే, ఆ రోజు మధ్యాహ్నానికి రెండు మట్టలు కేంద్రం గుమ్మంలోకి తెచ్చి వేయించుకోవచ్చు. తడిగుడ్డ కప్పి నీడలో ఉంచితే రెండు మూడు రోజులపాటు ఆకు పెళుసెక్కదు. పాత మట్టల గుట్టలోంచి మాత్రం తీయకూడదు, అందులో తేళ్ళు, పాములు ఉంటాయి. అవి ఆకుతో చేసినవి కావు!